సున్నం పోసిన కాడ

సిరిసిల్ల,
ఫిబ్రవరి ఆఖరు.

చెల్లె సారక్కకు, అన్న సాయన్న రాత్తున్న.

మొన్న దుర్గయ్య బావ ఫోన్ చేసిండు. ఇంటి ఓనరు లక్ష్మవ్వ ఎత్తి నా చెవుకు ఆనిచ్చింది. నేను ఆఁ ఆఁ అనుకుంట నిలవడ్డ. బావ ఏం చెప్పిండో ఆ ప్రభువుకే ఎరుక. ఇన్నేండ్లు ఈ మరమగ్గాల నడుమ నిలవడ్డంక చెవులేడుంటయి? ఈడ వీటిని సాంచాలంటరు గదా, సాంచ బందువెట్టినా తలకాయల అది నడుత్తనే ఉంటది. ఇగ నాకు ఫోన్లు వద్దు, ఉత్తరం రాయి. వాట్సప్‌ల పెడితే లక్ష్మవ్వ ఫోన్‌కే పెట్టాలె. ఆమె ముందుగాల సదివి, గల్లంత చెప్పి, ఆఖరుకు నాకు చూపెడ్తది.

సంగతేందంటే, బిడ్డ సమాధికి రాయి చెప్పిన. నల్ల రాయి, నున్నగ పాలిష్ పట్టింది. స్రవంతి పోయి ఇది మూడో ఏడు. వాళ్లవ్వ, నా పెండ్లాం, కండ్లు మూసినంక పసిపిల్లను నీ ఒళ్లె ఏసి నేను ఈడికి అచ్చిన. పెంచింది నువ్వు, పేరు నాది. డెంగీ జరమచ్చి మీ ఇంట్లకెంచే దవాఖానకు పోయింది, పెట్టెల మీ ఇంటికే తిరిగచ్చింది. సమాధుల తోట అంచుకు, కుంట దిక్కు పెట్టినం. పాతిన కట్టె సిలువను చెదలు తిన్నయి. వానలకు మట్టి దిగింది. పోయినేడు ఈస్టరుకు అచ్చి నేను అటు ఇటు తిరుగుతాంటే నువ్వు నా చెయ్యి వట్టుకొని తీస్కపోయి నిలవెట్టినవు. తండ్రి అయ్యి బిడ్డ జాగను ఎతుక్కున్న. గా సిగ్గు నాకు ఇంక పోలే.

అందుకే ఈ ఈస్టరుకు రాయి పట్టుకొని అత్తున్న. నువ్వు ఒక పని చెయ్యాలె. కుంట చుట్టు నడిచే బాట ఏత్తున్నరని బావ క్రిస్మస్‌కు చెప్పిండు. మిషన్లు తిరుగుతయి, ఆడ ఎవ్వలు లేరనుకొని తొక్కుతరు. జర సున్నం తీస్కపోయి బిడ్డ జాగ మీద సిలువ గీయి. ఈడ మనిషున్నదని చూసెటోళ్లకు తెలువాలె.

రాయి మీద ఏం రాయాల్నో నువ్వే చెప్పు. సదువుకున్నదానివి నువ్వే.

నీ అన్న,
సాయన్న


జగిత్యాల,
హోళీ మర్నాడు.

అన్నా,

నీ ఉత్తరం చదివి లక్ష్మవ్వ సంగతికి నవ్వాను, తర్వాత ఏడ్చాను, తర్వాత సున్నం బకెట్టు పట్టుకుని నడిచాను. ఈ మూడూ ఒక్క పూటలోనే. మా అంగన్‌వాడీ ఆయా “టీచరమ్మకు ఇయాల ఏమైందో” అని అందరికీ చెప్పుకుందట.

సున్నం పోశాను. రాళ్లున్న వాళ్లకు రాళ్లున్నాయి, మట్టి దిబ్బలున్నవి ఇంకా దిబ్బలుగానే ఉన్నాయి. మన స్రవంతిది మాత్రం నేలతో సమానమైపోయింది. ఐతే ఏమిటి, అటు మొగిలవ్వ వాళ్ల దిబ్బ, ఇటు చింత మొద్దు, నడుమ మన బిడ్డ; నాకు కళ్లకు గంతలు కట్టినా తెలుస్తుంది. నీళ్లు చల్లి, చేత్తో చదును చేసి, మధ్యలో సిలువ పోశాను. నిలువు ఎంతో అడ్డం అంత, ఎక్కడా వంకర లేదు. వాకిట్లో ముగ్గులు వేసిన చెయ్యి కదా! కొత్త బాట సరిగ్గా దాని పక్కనుంచే పోతుంది. ఆ వైపు తోటకు ప్రహరీ ఇంకా లేవలేదు. ఇప్పుడిక ఎవరైనా దూరం నుంచే చూస్తారు, పక్కకు తప్పుకుంటారు.

ఊళ్లో పండుగే పండుగ. మొన్న రాత్రి మా గల్లీ చివర కాముణ్ణి కాల్చారు. నిన్న పొద్దున అంగన్‌వాడీ పిల్లలు రంగు నీళ్లతో వచ్చి నా తెల్ల చీరను నాశనం చేశారు. తిట్టబోయి నవ్వేశాను. స్రవంతి ఉంటే ఈ మూకకు అదే పెద్ద దళవాయి.

ఇంకో మంచి మాట. వార్డు మీటింగ్ పెట్టారు. మన సంఘం పెద్దలు ఒక్కటే అడిగారు: ఈస్టరు తెల్లవారుజామున చీకట్లో సమాధుల దగ్గరికి వస్తాం, ముసలివాళ్లు పడుతున్నారు, తోవకు లైట్లు కావాలని. మున్సిపాలిటీ నుంచి వచ్చినాయన మా కాగితం చదువుతూ, “సమాధుల తోట అని రాసిండ్రు, తోటల ఏం చెట్లున్నయమ్మా?” అని నన్నడిగాడు. “చెట్లు లేవు సార్, మనుషులున్నరు” అన్నాను. అందరూ నవ్వారు, ఆయన కూడా నవ్వాడు. ఐనా ఒప్పుకున్నారు! బాట పొడుగునా స్తంభాలు వేస్తారట. మీ బావకు కూడా ఆ బాట వేసే కాంట్రాక్టరు దగ్గరే కూలి దొరికింది. పోసిన కాంక్రీటుకు నీళ్లు పట్టే పని. ఇంటికి దగ్గర, మధ్యాహ్నం వచ్చి అన్నం తిని పోతున్నాడు.

రాయి మీద వాక్యాలూ అవీ ఎందుకు, దాని పేరు చాలు. కింద నీ పేరు. నా పేరు కూడా ఉంటే బాగుండుననిపిస్తుంది. అడగడానికి సిగ్గుగా ఉంది, ఐనా అడిగేశాను.

నీ చెల్లె,
సారక్క


సిరిసిల్ల,
మార్చి.

చెల్లె,

సిగ్గేందే పిచ్చిదానా! నీ పేరు లేకుంటే ఆ రాయి రాయే గాదు. చెక్కెటాయనకు గిట్ల రాసిచ్చిన: “స్రవంతి. సాయన్న బిడ్డ. సారక్క కోడలు.” ఆయన చూసి “పెండ్లయిందా?” అని సైగ చేసిండు. ఓరి నీ, మేనకోడలయ్యా, మా చెల్లె పెంచింది అని అరిచిన. నేను అరిత్తె నాకినవడది గదా, బజార్ల పోయెటోళ్లందరు నిలవడ్డరట.

రాయి అచ్చింది. ఇద్దరం మోసుకచ్చి మంచం కింద పెట్టినం. పొద్దుందాక గోనె సంచి తీసి చూసుడు, మళ్ల కప్పుడు. అక్షరాల మీద ఏలు పెట్టి రాసుకుంట పోతాంటే బిడ్డకు పలక మీద అ ఆ లు దిద్దిచ్చినట్టే ఉన్నది. నేను దాన్ని ఏనాడు దిద్దియ్యలే, దిద్దిచ్చింది నువ్వే. ఇప్పుడు దిద్దుకుంటున్న.

ఈడ పని మంచిగ లేదు. చీరెల ఆర్డర్లు లేవని సాంచాలు వారంల సగం దినాలు బందు. బందున్ననాడు నాకు ఇంక పరేషాన్. చప్పుడు లేకపోతే బిడ్డ యాదికత్తది. నడుత్తాంటే జర మరుత్త.

ఈస్టరు మీదనే నా పానమంత ఉన్నది. బావకు చెప్పు, రాయి నిలవెట్టెతందుకు గద్దె కట్టాలె. కంకర, ఇసుక ఆడ పని కాడ ఉండనే ఉంటయి, అడిగి తెమ్మను. అడిగే తేవాలె, మళ్ల. ఊకె తెచ్చుడు వద్దు. నేను ముందటి నాడే దిగుత. సున్నం వానకు కరిగితే మళ్ల పొయ్యాలె.

నీ అన్న,
సాయన్న


జగిత్యాల,
ఉగాది వెళ్లాక.

అన్నకు,

ఎదురింటి వాళ్లు ఉగాది పచ్చడి ఇచ్చారు. ఈసారి వేపపువ్వు ధారాళంగా వేశారు. సాయంత్రం మైకు పెట్టి పంచాంగం చదివారు, ఈ ఏడు వానలు బాగున్నాయట, మామిడికి మాత్రం గాలి దెబ్బట.

ఊరు బాగా మారిపోతోంది. పార్కులో ఫౌంటెన్ పెట్టారు, నీళ్లు కాసేపు ఎర్రగా, కాసేపు నీలంగా, కాసేపు పసుపుగా పడతాయి. పిల్లలు అక్కణ్ణుంచి కదలరు. పక్కన కసరత్తు చేసుకునే ఇనుప సామాను బిగించారు, ఆడవాళ్లు కూడా చీరలు దోపుకుని చేస్తున్నారు. మా గల్లీలో మోరీ కొత్తగా కట్టారు, పైన బండలు కప్పారు. దోమలు తగ్గుతాయంటున్నారు. కూరగాయల మార్కెట్టుకు కప్పు వేస్తున్నారు. కుంట చుట్టూ బాట దాదాపు అయిపోయింది. ఎర్ర టైల్స్ పరిచారు, స్తంభాలు నిలబెట్టారు, సిమెంటు బెంచీలు కట్టారు. రామనవమి అయ్యాక ప్రారంభం ఉంటుందట. సాయంత్రాలు అప్పుడే నడకలు మొదలుపెట్టారు.

అన్నా, ఒక మాట. ఈ ఈస్టరుకు రాకు. ఎండలు అప్పుడే మండిపోతున్నాయి. అంత బరువు రాయి బస్సులో ఎలా తెస్తావు, కండక్టరు ఎక్కించుకోడు. వానలు పడి నేల మెత్తబడ్డాక తీరిగ్గా పెట్టుకుందాం. రాయి ఎక్కడికీ పోదు కదా.

మీ బావకు ఒంట్లో నలతగా ఉంది, పనికి పోవడం మానేశాడు. నేను బాగానే ఉన్నాను. నువ్వు వేళకు తిను.

సారక్క


సిరిసిల్ల,
రామనవమి నాడు.

చెల్లె,

నీ ఉత్తరం సదివిన. మళ్ల సదివిన. ఫౌంటెన్ నీళ్లు ఏ రంగుల పడుతున్నయో రాసినవు. మోరీ మీద బండలేసిండ్రని రాసినవు. మామిడికాయకు గాలి దెబ్బని రాసినవు. బిడ్డ పేరు ఒక్క కాడ రాయలే.

వానలు పడ్డంక రమ్మంటవు. వానకాలంల ఆ తోటల మోకాలు దాక దిగవడ్తది, వాన పడ్డనాడు ఎందుకచ్చినవని నన్ను తిట్టింది నువ్వే. రాయి బరువంటవు. టెంపోల అత్త, కండక్టరుతోటి నాకేం పని? బావకు నలత అంటవు. దుర్గయ్య బావ జరమున్నా పనికి పోయెటోడు, నాకెరుక లేదా?

నేను చెవిటోన్ని చెల్లె, గుడ్డోన్ని గాను. నీ అక్షరాలు సుత ఎప్పటిలెక్క లేవు, గీతల మీదికెంచి జారుతున్నయి.

బిడ్డ కాడ ఏమైంది? సున్నం ఉన్నదా? మిషన్ తొక్కిందా? తొక్కితే తొక్కింది, పైన మట్టి పోసి సాపు చేసుకుందాం, దానికింత దాసుడెందుకు? ఉన్నదున్నట్టు రాయి. రాయకపోతే నేనే బస్సెక్కుత.

సాయన్న


కోరుట్ల,
ఏప్రిల్.

అన్నా,

ఉపవాస కూటాలకని మా సంఘం వాళ్లతో కోరుట్ల వచ్చాను. షామియానా కింద అందరూ పాడుతున్నారు. నేను వెనక వంటల దగ్గర బియ్యం బస్తా మీద కూర్చుని ఇది రాస్తున్నాను. ఇంట్లో ఐతే మీ బావ రాయనివ్వడు. “ఆయనకు గా రాయి ఒక్కటే ఉన్నది సారక్కా, చెప్పకు, చెప్తే మనిషి దక్కడు” అని నా చేతిలోంచి కాగితం గుంజుకున్నాడు. కానీ నువ్వు బస్సెక్కుతానన్నావు. వచ్చి నీ అంతట నువ్వు చూసేకంటే నా నోట వినడమే మేలు.

మన స్రవంతి అక్కడ లేదన్నా.

బాట పక్కన స్తంభాలకు గుంతలు తీశారు. గుంత తీయవలసిన చోటల్లా కాంట్రాక్టరు మనిషి ముందు రోజు సున్నంతో గుర్తు పెట్టి పోయాడు. నిలువు ఒక గీత, అడ్డం ఒక గీత. తెల్లవారి మిషన్ నడిపే అతను వచ్చాడు. మన మాట రాదు అతనికి. సున్నం పోసిన కాడల్లా తవ్వు అన్నారు, తవ్వాడు. నేను పోసిన చోట కూడా తవ్వాడు.

మీ బావ అప్పుడు కుంట అవతలి వైపు పనిలో ఉన్నాడు. మూడు నాలుగు రోజుల తర్వాత ఇటువైపు కాంక్రీటుకు నీళ్లు పట్టమని పంపారు. పైపు పట్టుకుని ఒక బెంచీ దిమ్మెకు నీళ్లు పడుతూ, సారక్క గీసిన సిలువ ఏది అని దిక్కులు చూశాడట. అటు మొగిలవ్వ వాళ్ల దిబ్బ, ఇటు చింత మొద్దు. నడుమ తను నీళ్లు పడుతున్న బెంచీ. పైపు అక్కడే పడేసి ఇంటికి వచ్చాడు. అన్నం ముందు పెడితే చేతులు చూసుకుంటూ కూర్చున్నాడు. అప్పటి నుంచి పనికి పోలేదు.

నేను పరుగెత్తుకుంటూ పోయాను. కాంట్రాక్టరు మనిషిని పట్టుకున్నాను. దుర్మార్గుడైతే నాలుగు తిట్టి వచ్చేదాన్ని. అతను మంచిగానే మాట్లాడాడు, అదే నా ఖర్మ.

“అమ్మా, మా గుర్తు గూడ గదేనమ్మా. ఒక గుంత ఎక్కువ ఎట్లచ్చిందని ఆపరేటరును నేనే తిట్టిన. ఎట్లాగు తీసినం గదా, ఊకె పూడ్చుడెందుకని బెంచీ పోయించిన.”

“తీసిన మట్టేది తమ్మీ?” అని అడిగాను.

“గప్పుడే బాట కింద పరిసినం. రోలర్ సుత తోలినం.”

“తవ్వినప్పుడు ఏమన్న కనవడిందా?”

అతను తల వంచుకున్నాడు. “ఆపరేటరు ఏం చెప్పలేదమ్మా” అన్నాడు. తర్వాత మెల్లగా, “ఒక రాయున్నా, దిబ్బున్నా ఆగెటోళ్లం” అన్నాడు. ఆ మిషన్ అతను ఇంకో ఊరి పనికి పోయాడట. మీ బావ పలుగు పట్టుకుని పోయి బాట తవ్వుతానన్నాడు. ఎక్కడని తవ్వుతాడు? ఆ చివర నుంచి ఈ చివర దాకా అంతా ఒక్కటే మట్టి.

అన్నా, పక్కన దిక్కులేని సమాధి ఒకటుంది, ఎవరిదో కూడా ఎవరికీ తెలియదు. గడ్డి మొలిచి అట్లాగే ఉంది. దాని మొహం ఎవరూ చూడలేదు, అందుకని బతికిపోయింది. నేను చూశాను. నీళ్లు చల్లాను, చదును చేశాను, ఒక్క వంకర లేకుండా గీశాను. వంకరగా గీసినా బాగుండేది. ఈ చెయ్యి విరిగిపోయినా బాగుండేది.

లోపల పునరుత్థానం గురించి చెబుతున్నారు. సమాధి తెరుచుకుంది, దేహం అక్కడ లేదు అంటున్నారు. అందరూ చప్పట్లు కొడుతున్నారు. నాకు లేచి అరవాలని ఉంది.

నన్ను తిట్టు. ఏమీ రాయకుండా మాత్రం ఉండకు.

సారక్క


సిరిసిల్ల,
ఈస్టరుకు ముందటి నాడు.

చెల్లె,

నీ ఉత్తరం అచ్చినంక రెండు దినాలు సాంచాల మీదికి పోలే. గుడ్ ఫ్రైడే నాడు జగిత్యాల అచ్చిన. మీ ఇంటికి రాలే, ఏమనుకోకు. ఆ ఎండల మీరంత చర్చిల ఉంటరని ఎరుక, అందుకే గప్పుడు అచ్చిన. ఎవ్వల మొకం చూసే ధైర్నం లేకుండె.

బాట మంచిగున్నది. అబద్ధమెందుకు, మంచిగ ఏసిండ్రు. నేను దాని మీద నడువలే. ఆ మట్టి బాట కింద పరిసిండ్రని రాసినవు గదా. చెప్పులు చేత వట్టుకొని పక్క పొంటి ముండ్లల్ల పోయిన. ఎవలో పిచ్చోడనుకున్నరు గావచ్చు.

మొగిలవ్వ వాళ్ల దిబ్బ చూసిన. చింత మొద్దు చూసిన. నడుమ బెంచీ. దాని మీద ఒక పెద్దమనిషి కూసున్నడు. నన్ను చూసి, ఎండల నిలవడ్డడు పాపం అనుకొని, జరిగి జాగిచ్చిండు. కూసో అని చెయ్యితోటి చూపెట్టిండు. నేను నిలవడ్డ. మళ్ల చెయ్యి వట్టి గుంజిండు. కూసున్న.

ఆయన ఏదో చెప్పుకుంట పోయిండు. నాకు ఒక్క మాట ఇనవడలే. లైట్లు చూపెట్టిండు, కుంట చూపెట్టిండు, నవ్విండు. మంచిగ చేసిండ్రంటున్నడేమో అనుకొని నేను తలకాయ ఊపిన. నేను సుత నవ్విన. నా బిడ్డను పెట్టిన కాడ కూసొని, ఇంత దూరమచ్చి, నేను నవ్విన చెల్లె.

నిన్ను తిట్టాల్నంటివి. తిట్టు రాదు. సున్నం పొయ్యిమన్నది నేను. నువ్వు మంచిగ పోసినవు, గంతే. నాకు నీ మీద కోపం లేదు, ఆ కాంట్రాక్టరు మనిషి మీద లేదు, మిషన్ తోలినాయన మీద సుత లేదు. ఎవ్వల మీదనన్న ఉంటే మంచిగుండు. గా కోపం వట్టుకొని నాలుగొద్దులు బతుకుదును.

సాయన్న


జగిత్యాల,
ఈస్టరు తర్వాతి వారం.

అన్నా,

వచ్చి, మా గడప తొక్కకుండా పోయావు. మీ బావ అది విని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. మనుషులకు దుఃఖం వస్తే ఒకరి దగ్గరకు ఒకరు రారా అన్నా? నేనేమైనా పరాయిదాన్నా? దాన్ని ఎత్తుకుని తిరిగింది ఈ నడుమే కదా! నీకు కోపం లేదన్నావు, నాకుంది. నీ మీద ఉంది.

ఈస్టరు పొద్దున లైట్లు వెలిగాయి. చీకట్లో ఎవరూ తడబడలేదు, ముసలివాళ్లు ఎవరూ పడలేదు. పాస్టరు గారు అందరికీ వినబడేలా, ఈ వెలుగు కోసం సంతకాలు పెట్టిన వాళ్లకు వందనాలు అన్నారు. నా పేరు కూడా చదివారు. అందరూ తమ తమ వాళ్ల దగ్గర కొవ్వొత్తులు పెట్టుకున్నారు. నేను బెంచీ మీద పెట్టాను. తెల్లవారాక నడకకు వచ్చిన ఒకావిడ, “మైనం అంటుతున్నదమ్మా, కూసుంటె చీరెలు ఖరాబైతయి, గా సమాధుల మీద పెట్టుకోరాదు?” అన్నది. మంచిగానే అన్నది. ఇది కూడా సమాధే అని చెప్పబోయాను. ఆవిడ వెంట చిన్న మనవరాలుంది, భయపడుతుందని ఊరుకున్నాను. కొవ్వొత్తి తీసి, కొంగుతో మైనం తుడిచి వచ్చేశాను.

సంఘం పెద్దలతో మాట్లాడాను. లోపల ప్రహరీ గోడ పక్కన కొంచెం జాగా ఇస్తామన్నారు. రాయి తెచ్చి అక్కడ పెట్టుకుందాం. కింద ఎవరూ లేకపోతే ఏం, పైన పేరుంటుంది. ఏడాదికోసారి పోయి నిలబడడానికి ఒక చోటుంటుంది. మీ బావ గద్దె తనే కడతానన్నాడు. మళ్లీ పైపు ముట్టుకోవడం అదే మొదలవుతుంది ఆయనకు. ఆయన కోసమైనా రా. నా కోసమైనా రా.

నీ చెల్లె,
సారక్క


సిరిసిల్ల,
ఏప్రిల్ ఆఖరు.

చెల్లె సారక్కకు,

నువ్వు కోపం చేసినవు, మంచిగ చేసినవు. బావకు చెప్పు, ఆయన తప్పు ఇసుమంత లేదు. పనికి పొమ్మను. ఇంట్ల కూసుంటె మనిషి పురుగు పట్టిపోతడు.

రాయి తేను. వద్దు చెల్లె. ఉత్త మట్టి మీద బిడ్డ పేరు పెడ్తే, ఆడికచ్చి నేనేమని పిలువాలె? ఒక్కపారి జాగ తెల్వక ఎతుక్కున్న. ఇప్పుడు లేని జాగను ఉన్నదనుకొని మొక్కుడు నాతోటి గాదు. పెద్దలు ఇచ్చిన జాగ ఇంకెవ్వలకన్న పనికత్తది, వాళ్లకు నా వందనాలు చెప్పు.

రాయి మంచం కిందనే ఉండె. మొన్న లక్ష్మవ్వ ఊడ్వనచ్చి గోనె సంచి గుంజి చూసింది. సమాధి రాయి ఇంట్ల పెట్టుకుంటరా, ఎవలన్న పోతరు, ఇయాల్నే తియ్యి అని లొల్లి చేసింది. నాకినవడలే గని మొకం చూత్తె తెలిసింది. ఆమెది సుత తప్పు గాదు, ఇంట్ల చిన్న పిల్లలున్నరు. రాయిని ఆటోల ఏసుకొని చెక్కినాయన కాడికి పోయి వాపసు తీసుకొమ్మన్న. పేరు చెక్కినంక ఎవలు తీసుకుంటరని చెయ్యి ఊపిండు. పేరు కొట్టేసి ఇంకోళ్లది చెక్కుతనని సైగ చేసిండు. వద్దన్న. అదే ఆటోల మళ్ల ఇంటికే తెచ్చిన. ఏడ పెట్టాల్నో తెలువలే. వాకిట్ల నల్లా కాడ బురద ఉంటది, ఆడ బోర్ల ఏసిన. అక్షరాలు భూమి దిక్కున్నయి. పైన ఉత్త రాయి.

లక్ష్మవ్వ సముదాయించుకున్నది. పేరు కనవడకపోతే ఆమెకు బాధ లేదట. రెండు దినాలకే ఇంట్ల కిరాయికున్న ఆడోళ్లు దాని మీద బట్టలుతుకుడు మొదలువెట్టిండ్రు. సబ్బు నురుగు, దబదబ కొట్టుడు. నాకు చప్పుడు రాదు, చేతులు లేసుడు దిగుడు కనవడ్తది. వద్దందామని నోటిదాక అచ్చింది. ఏమని చెప్పాలె? ఒకామె నన్ను చూసి, బండ బాగున్నదని ఏళ్లతోటి సైగ చేసింది. నేను తలకాయ ఊపిన.

సాంచాలు మళ్ల నడుత్తున్నయి. పొద్దంత పోతున్న, మాపటికి అత్తున్న. అందరు ఆ బండ మీదనే ఉతుకుతరు. నేను నా అంగీలు బకెట్లనే పిండుకుంటున్న.

నీ అన్న,
సాయన్న